తొమ్మిది గంటల బిళ్ళ

బేతంచెర్లలో రాయి కోసేవాడెవడైనా
ముక్కుకు తువ్వాలు కడతాడు.
ఊపిరితిత్తులు చెడినాయని కాదు,
చెడకూడదని.
ఇంత చిన్న మాట
నాకు నేను చెప్పుకోడానికి రెండేండ్లు పట్టె.

పాలీషు చక్రం కింద
నాపరాయి నీళ్ళు తాగుతాది, పాలు కక్కుతాది.
ఆ తెల్లబురద మోకాళ్ళదాకా ఎండిపోయి
సాయంత్రానికి మగోళ్ళందరం ఒకటే రంగు.
ఎవడు ఎవరికోసం రుద్ది రుద్ది కడుక్కుంటాడో
బోరింగు నీళ్ళకే తెలుసు.

మద్దిలేటి పోయినప్పుడు
క్షయ అన్నారు. మేమూ క్షయ అంటిమి.
పాడె మోసిన నలుగురిలో ఇద్దరికి
అసలు పేరు తెలుసు.
మూరెడు నాపపలక కంటే తేలిగ్గా ఉన్నాడు.
ఆ బరువు లేకపోవడమే
ఇంకా నా కుడిభుజం మీద ఉండాది.

కర్నూలు పెద్దాసుపత్రి వెనక సందులో
రహమతున్నీసా మేడం అడిగె:
"ఆడోళ్ళతోనా, మగోళ్ళతోనా, ఇద్దరితోనా?"
టీలో చక్కెర ఎంతెయ్యాల అన్నట్ల.
ముప్పైనాలుగేండ్లు ఆ జవాబు
దవడ కింద పెట్టుకోని తిరిగినోన్ని,
తల దించి గచ్చు చూస్తి.
మా ఊరి రాయే అది. నేను నునుపు చేసిందేనేమో.
"మగోళ్ళతో" అని
రాయికి చెప్తి.
మేడం రాసుకునె.
ఫ్యాను కిర్రుమంటానే ఉండె.

నెత్తురు తీసినారు. ఏమీ లేదన్నారు.
ఏమీ లేదన్న మాటకు
అంత ఏడుపు వస్తాదని నాకు తెలీదు.

"దినానికొక బిళ్ళ, ఒకటే వేళకు.
మూడు నెలలకొకసారి వచ్చి నెత్తురియ్యాల,
కిడ్నీలు కూడా చూడాల.
ఇది ఒక్క దాన్నే ఆపుతాది,
సవాయిని ఆపదు, సెగను ఆపదు, తొడుగు మానద్దు.
తాయెత్తు కాదు నాయనా ఇది, తాళం.
వేస్తేనే వేసినట్ల."

డబ్బీకి మూడు దినాల కూలి.
మందులషాపు పిల్లోడు "ఎవరికన్నా?" అనె.
దోస్తుకని మొదటి నెల.
నాకేనని రెండో నెల.
మూడో నెల వాడు అడగలే.

డబ్బీని జొన్నల డబ్బాలో అడుగున పెట్టింటి.
ఒకనాడు చెయ్యి పెడితే
నా డబ్బీ పక్కన ఇంకొకటి, రేకు,
ఇరవై ఒక్క తెల్ల బిళ్ళలు, ఏడు గోధుమరంగువి.
తల ఎత్తితే వాకిట్లో వదిన, చేటతో.
"మీయన్నకు ఇంకొక మగపిల్లోడు కావాలంట,"
అనె మెల్లగ.
"నీది దేనికో నేనడగను.
నాది దేనికో నువ్వు చెప్పద్దు."
జొన్నలు మళ్ళా మా రెండింటి మీదా పోసె.
అప్పటినుంచి తొమ్మిదైతానే
వంటింట్లో గంటె కింద పడతాది, గట్టిగ.
అన్న టీవీ సౌండు పెంచుతాడు.

ఉరుకుందు పదిహేను దినాలకొకసారి వస్తాడు,
ఆదోని లారీ, పలకలకు.
నడుమ దినాల్లో వాడు యాడ పండుకుంటాడో నేనడగను.
నన్నూ వాడడగడు.
నిన్న రాత్రి డోన్ దోవలో, లారీ ఆపి,
వాని గడ్డం నా మెడ మీద ఉన్నప్పుడు
నా ఫోను మోగె. తొమ్మిది.
వాని సీసా ఎత్తి, వాని నీళ్ళతోనే మింగితి.

వాడు వెనక్కి జరిగె.
"రోగముందా నీకు?"
"లేదు."
"మరి?"
తువ్వాలు చూపిస్తి, మెడకు వేలాడుతాండేది,
దుమ్ముతో బిరుసెక్కింది.

లారీ కదిలె.
రైలుగేటు కాడ మాట్లాడలే.
సుంకు కట్టేకాడ మాట్లాడలే.
మా ఊరి దీపాలు కనపడతానే
అద్దంలో కండ్లు పెట్టి అడిగె:

"ఆ సందులోకి
లారీ పోతాదా?"